క్యూబా వాళ్ళ హోటల్లో మా పాతికేళ్ళ పెళ్ళిరోజు

పెళ్ళిరోజంటే మనలాంటి ఇళ్ళల్లో ఏముంటుంది చెప్పండి? పొద్దున్నే తలంటు, గుళ్ళో అర్చన, ఇంత పరమాన్నం, సాయంత్రం ఓపికుంటే ఓ సినిమా. మా వారికి ఆ తారీఖు గుర్తుంటే అదే పదివేలు. ఇరవై నాలుగు పెళ్ళిరోజులు నాకలాగే గడిచిపోయాయి. ఇరవై అయిదోది మాత్రం అమెరికాలో, మయామీ అనే ఊళ్ళో, క్యూబా దేశపు వాళ్ళ హోటల్లో, పాటలూ వాయిద్యాల మధ్య జరిగింది. ఇది 2023 మే నెల మాట. విన్నవాళ్ళంతా "ఎంత అదృష్టమో" అన్నారు. నేను ఆ హోటల్ గుమ్మం ఏడుపు మొహంతో ఎక్కానన్న సంగతి వాళ్ళకేం తెలుసు! మీ దగ్గర దాపరికం దేనికి, అదీ చెప్తాను. అక్కడ తిన్నవాటిలో మనింట్లో చేసుకోగలిగినవి ఎలా చేసుకోవాలో కూడా చెప్తాను.

మాది కాకినాడ. మా వారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. మాకు ఒక్కతే అమ్మాయి. ఇంటర్‌తోనే నా చదువు ఆగిపోయింది కాబట్టి దాన్ని మాత్రం ఎంతవరకు చదువుతానంటే అంతవరకూ చదివించాలని మొదటినుంచీ నా పట్టుదల. ఇంజనీరింగ్ అయ్యాక 2021లో ఎం.ఎస్. చదువుతానని మయామీ వెళ్ళింది. బ్యాంకు అప్పు కాక, నా గాజులు నాలుగూ, చంద్రహారమూ తాకట్టులోకి వెళ్ళాయి. "రెండేళ్ళే కదమ్మా" అంది. రెండేళ్ళే కదా అని నేనూ క్యాలెండర్ చూసుకుంటూ కూర్చున్నాను. పట్టా ఇచ్చే రోజుకి రమ్మంది, మా వారికి వేసవి సెలవులు కలిసొచ్చాయి, అప్పడాలూ ఆవకాయా కట్టుకుని ఇద్దరం విమానం ఎక్కాం.

పట్టా పుచ్చుకోవటం చూశాం. కళ్ళు చల్లబడ్డాయి. ఆ శనివారం మధ్యాహ్నం బట్టలు మడతలు పెడుతూ, రాజమండ్రి సంబంధం సంగతి ఎత్తాను. మంచి కుటుంబం, అబ్బాయి ఇరిగేషన్‌లో ఇంజనీరు, పిల్ల తిరిగి రాగానే చూపులు పెట్టుకుందామన్నారు అని. అది చేతిలోని దుప్పటి అలాగే పట్టుకుని, "అమ్మా, నాకిక్కడే ఉద్యోగం వచ్చింది. జులైలో చేరాలి. నాన్నకి నెల కిందటే చెప్పానే, నీకు చెప్పలేదా?" అంది.

మా వారు ఫోనులో వార్తలు చదువుకుంటున్నట్టు నటించారు.

మీరే చెప్పండి, ఏది ఎక్కువ బాధ? పిల్ల రాదన్నది ఒకటి. ఆ సంగతి నెల రోజులుగా ఈయన కడుపులో పెట్టుకుని నా పక్కనే కూర్చుని అన్నం తిన్నారన్నది ఇంకొకటి. నేను రోజుకోసారి రాజమండ్రి సంబంధం గురించి మాట్లాడుతుంటే "ఊఁ, ఊఁ" అన్నారు కూడాను! "ముందే చెప్తే నువ్వు ఏడుస్తావనీ..." అని నసిగారు. "ఇప్పుడు ఏడవటం లేదా?" అన్నాను.

ఆ సాయంత్రమే హోటల్‌కి వెళ్ళటం. మా అమ్మాయి వారం ముందే బల్ల చెప్పి ఉంచింది. అక్కడ మంచి హోటళ్ళలో శనివారం సాయంత్రం ముందుగా చెప్పుకోకపోతే గుమ్మం దగ్గర గంటలు గంటలు నిలబడాలి. రాను అందామనుకున్నాను. కానీ పిల్ల తన చేతి డబ్బుతో మొదటిసారి చేస్తున్న విందు. ఉప్పాడ చీర కట్టుకున్నాను. కారులో ఒక్క మాట మాట్లాడలేదు.

మయామీలో ఎనిమిదో నంబరు వీధి ఒకటుంది. స్పానిష్‌లో 'కాయె ఓచో' అంటారు. ఆ పేటకి 'లిటిల్ హవానా' అని పేరు. హవానా అంటే క్యూబా రాజధాని. బోర్డులన్నీ స్పానిష్‌లోనే, మాటలన్నీ స్పానిష్‌లోనే. నాలాగే ఇంగ్లీషు తడుముకుంటూ మాట్లాడే ముసలమ్మలు బోలెడు మంది. ఒక చిన్న పార్కులో పెద్దవాళ్ళు బల్లల చుట్టూ చేరి డామినోలు ఆడుకుంటున్నారు. అచ్చం మన రావిచెట్టు కింద పులిజూదం ఆడుకునేవాళ్ళ లాగే, పక్కన నిలబడి సలహాలిచ్చేవాళ్ళతో సహా.

అమెరికా చిట్టచివర ఉన్న కీ వెస్ట్ నుంచి క్యూబా 145 కిలోమీటర్లే. ఇంచుమించు మా కాకినాడ నుంచి విశాఖపట్నం అంత దూరం. కానీ 1959లో ఫిడేల్ కాస్ట్రో ప్రభుత్వం వచ్చాక ఆ కాస్త దూరం దాటటమే గగనమైపోయింది. ఆస్తులు పోయినవాళ్ళూ, ఆ ప్రభుత్వం గిట్టనివాళ్ళూ, భయపడినవాళ్ళూ లక్షల మంది ఇటు వచ్చేశారు. 1980లో మరియెల్ రేవు నుంచి ఆరు నెలల్లోపే పడవల మీద సుమారు 1,25,000 మంది వచ్చారట. కొన్నాళ్ళలో వెనక్కి వెళ్ళిపోతాం అనుకునే చాలామంది వచ్చారు. "రెండేళ్ళే కదా" అన్నట్టు. మా అమ్మాయి ఇదంతా చెప్తుంటే నాకు మళ్ళీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

హోటల్ లోపల మరీ చీకటీ కాదు, వెలుతురూ కాదు. గోడల నిండా పాత హవానా ఫోటోలు. ఒక మూల చిన్న వేదిక, దాని మీద అయిదుగురు వాయిద్యగాళ్ళు. ఏసీ మాత్రం ఎముకలు కొరికేస్తోంది. వెళ్ళేవాళ్ళు శాలువా మర్చిపోకండి.

తిండి దగ్గర నాకో చిక్కు. శనివారం నేను నీచు ముట్టను, గుడ్డు కూడా తినను. క్యూబా వాళ్ళ వంటేమో పంది మాంసం, గొడ్డు మాంసం లేకుండా నడవదు. జాబితాలో పేరున్న కూర ఒకటి కనిపించింది. దాని పేరు 'రోపా వియేహా', అంటే 'పాత బట్టలు' అని అర్థమట. గొడ్డు మాంసాన్ని మెత్తగా ఉడికించి పీలికలు పీలికలుగా చేస్తారు కాబట్టి ఆ పేరు. "మన వీధిలో పాత బట్టలకి స్టీలు గిన్నెలిస్తారు, వీళ్ళు కూరొండేశారు" అన్నారు మా వారు. నన్ను నవ్వించాలని చూస్తున్నారని తెలిసి నేను నవ్వలేదు.

అలాంటి చోట మనలాంటి వాళ్ళు అడిగి తెలుసుకోవాల్సింది ఒకటుంది. వాళ్ళ నల్ల చిక్కుడు గింజల కూర చూడటానికి శాకాహారం లాగే ఉంటుంది కానీ చాలాచోట్ల రుచి కోసం అందులో పంది మాంసం ముక్కో, కొవ్వో వేస్తారు. మా అమ్మాయి సర్వరుని రెండుసార్లు అడిగి, లోపల వంటవాణ్ణి కూడా కనుక్కున్నాకే చెప్పింది. తనకీ వాళ్ళ నాన్నకీ కోడికూర అన్నం. నాకు నల్ల చిక్కుడు గింజలతో వండిన అన్నం, అరటికాయ వేపుడు, అరటిపండు వేపుడు, ఉడికించిన యూకా.

యూకా అంటే ఏమిటో అనుకున్నాను. పళ్ళెంలో పెట్టాక చూస్తే ఏముంది, మన కర్రపెండలం! సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులున్నాయే, వాటికి వెళ్ళే దుంప. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఉప్పేసి ఉడకబెట్టి సాయంత్రం చిరుతిండిగా పెట్టేది. దాన్ని ఇక్కడ ఇంత దర్జాగా, పైన వెల్లుల్లి పోపు పోసి, ఉల్లిపాయ చక్రాలు పేర్చి తెచ్చారు. ఆ పోపుని 'మోహో' అంటారు. అందులో పులుపు ఏమిటనుకున్నారు? పుల్ల నారింజ రసం. వెల్లుల్లి, జీలకర్ర, నారింజ. ఒక్క ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో, పొద్దుటి నుంచీ బిగించిన మొహం కాస్త సడలింది.

ఒక విచిత్రం చెప్పాలి. కర్రపెండలం మొదట వాళ్ళ వైపు పంట. స్పెయిన్ వాళ్ళు రాకముందు నుంచీ అక్కడి తైనో జాతి వాళ్ళు ఆ పిండితో రొట్టెలు కాల్చుకునేవారు. ఆ రొట్టె చేసే పద్ధతిని 2024లో యునెస్కో వాళ్ళు తమ జాబితాలో కూడా చేర్చారు. ఆ దుంప సముద్రాలు దాటి మన దాకా వచ్చింది. అరటిచెట్టు మన ఆసియా వైపు నుంచి ఆఫ్రికా మీదుగా అటు వెళ్ళింది. జీలకర్రని స్పెయిన్ వాళ్ళు పట్టుకెళ్ళారు. నా పళ్ళెంలో అన్నీ ఎక్కడెక్కడి నుంచో వచ్చి కలుసుకున్నవే.

నల్ల గింజల అన్నం పేరు 'మోరోస్ ఈ క్రిస్తియానోస్'. అంటే 'మూర్లూ క్రైస్తవులూ'. స్పెయిన్‌లో వందల ఏళ్ళపాటు వాళ్ళిద్దరికీ జరిగిన యుద్ధాల మీద పెట్టిన పేరట. నల్ల గింజలు మూర్లు, తెల్ల బియ్యం క్రైస్తవులు. కలిపి వండితే అన్నమంతా ఊదా రంగుకి తిరిగి, ఎవరెవరో తెలీకుండా పోతారు. కారం మాత్రం అడక్కండి. క్యూబా వంటలో మిరపకాయ పాత్ర బహు తక్కువ. మా వారు రెండు ముద్దలు తిని దిక్కులు చూస్తుంటే, నేను హ్యాండ్‌బ్యాగులోంచి కందిపొడి పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. మాట్లాడకుండానే పెట్టాను లెండి. అయినా ఆయన ధైర్యం తెచ్చుకున్నారు.

ఇంతలో వాయిద్యాలు మొదలయ్యాయి. ఆ సంగీతాన్ని 'సోన్' అంటారు. క్యూబా తూర్పు కొండల వైపు పుట్టింది. స్పెయిన్ వాళ్ళ గిటారూ, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికా వాళ్ళ తాళమూ కలిసి తయారైంది. వాళ్ళ గిటారు లాంటి దాని పేరు 'త్రెస్', అంటే మూడు. తీగలు ఆరు, కానీ మూడు జంటలుగా బిగిస్తారు. ఒకతను మోకాళ్ళ మధ్య జంట డప్పులు ఇరికించుకుని వేళ్ళతో వాయిస్తున్నాడు, అవి బొంగోలు. గింజలు పోసిన బుర్రలు ఊపేవాడొకడు. గాయకుడి చేతిలో మాత్రం రెండు పొట్టి కర్రలు, అంతే. కోలాటం కర్రల్ని సగానికి విరిచినట్టున్నాయి. వాటిని 'క్లావే'లు అంటారు. ముందు మూడు దెబ్బలు, కాస్త ఆగి రెండు దెబ్బలు. టక్, టక్, టక్... టక్ టక్. పాట ఎటు పోయినా ఆ రెండు కర్రలు చెప్పిన లెక్క తప్పకూడదట. మా మాస్టారు బల్ల మీద వేలితో కొట్టి చూసి, "మూడూ రెండూ అయిదు కానీ, మధ్యలో వదిలేసిన ఖాళీలు సమానం కాదు. అందుకే పట్టుబడటం లేదు" అని చాలాసేపు దాని మీదే ఉన్నారు.

బేస్ వాయించే ఆయనకి డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. అలాంటి పెద్దవాళ్ళే 1997లో 'బ్యూనా విస్తా సోషల్ క్లబ్' అనే ఆల్బంతో లోకమంతా పేరు తెచ్చుకున్నారని మా అమ్మాయి చెప్పింది. అందులో పాడిన ఇబ్రహీం ఫెరేర్ అనే ఆయన అంతకుముందు పొట్టకోసం బూట్లు పాలిష్ చేసేవాడట. డెబ్బైకి దగ్గర పడ్డాక అదృష్టం తలుపు తట్టింది. పాట మధ్యలో జనం ఉన్నట్టుండి "అసూకర్!" అని అరుస్తున్నారు. అసూకర్ అంటే పంచదార. అది సీలియా క్రూజ్ అనే గాయని అరుపు. కాఫీలో పంచదార వెయ్యమంటారా అని ఓ సర్వరు అడిగితే, క్యూబా కాఫీకి పంచదార లేకుండా ఎలా అని ఆవిడ జోకుగా చెప్పటంలోంచి పుట్టిందంటారు. ఆవిడ 1960లో దేశం విడిచింది. 1962లో తల్లి పోతే కడసారి చూపుకి కూడా రానివ్వలేదు. 2003లో పోయేదాకా ఆ బెంగతోనే ఉంది. 2024లో అమెరికా వాళ్ళ పావు డాలరు నాణెం మీద ఆవిడ బొమ్మ వేశారు. నవ్వుతూ అరిచే ఆ ఒక్క మాట వెనకాల ఇంత కథుంది.

మా పక్క బల్ల దగ్గర ఒక పెద్దావిడ కొడుకూ కోడలితో కూర్చుని ఉంది. ఎర్ర లిప్‌స్టిక్, చేతినిండా గాజులు. నా చీర అంచు పట్టుకుని చూసి, చేత్తో నేసిందేనా అని అడిగింది. అవునన్నాను. నా ఇంగ్లీషూ, ఆవిడ ఇంగ్లీషూ దాదాపు ఒక స్థాయిలోనే ఉన్నాయేమో, మాట బాగా కలిసింది. పెళ్ళిరోజని చెప్పాను. పిల్ల ఇక్కడే ఉండిపోతోందని కూడా, ఎందుకో, ముక్కూ మొహం తెలీని మనిషితో చెప్పేశాను.

ఆవిడ తన సంగతి చెప్పింది. 1961లో తొమ్మిదేళ్ళ వయసులో, పదకొండేళ్ళ అక్కతో, అమ్మానాన్నా లేకుండా విమానంలో వచ్చిందట. అలా 1960 డిసెంబరు నుంచి 1962 అక్టోబరు దాకా 14,000 మందికి పైగా పిల్లల్ని తల్లిదండ్రులే ఒంటరిగా ఎక్కించి పంపారు. కొత్త ప్రభుత్వం పిల్లల్ని తమ నుంచి లాక్కుంటుందేమోనని భయం. దానికి 'పెడ్రో పాన్' అని పేరు. బంధువులు లేని పిల్లల్ని చర్చి వాళ్ళు శిబిరాల్లోనూ, అనాథాశ్రమాల్లోనూ, ఎవరెవరి ఇళ్ళల్లోనో ఉంచారు. కొన్ని నెలల్లో వెనకాలే వద్దామనుకున్న తల్లిదండ్రులు, 1962లో విమానాలు ఆగిపోవటంతో అక్కడే చిక్కుపడిపోయారు. మళ్ళీ 1965 డిసెంబరులో మొదలయ్యాయి. ఈవిడ తల్లి 1966లో వచ్చింది.

"అయిదేళ్ళా!" అన్నాను.

"అయిదేళ్ళు. మా అమ్మ ఎయిర్‌పోర్టులో నా ముందునుంచే నడిచి వెళ్ళిపోయింది, చిన్నపిల్ల కోసం వెతుక్కుంటూ. నేనేమో స్పానిష్ సగం మర్చిపోయాను. అమ్మతో మాట్లాడటానికి మాటలు తడుముకోవాల్సి వచ్చింది" అంది. చెప్పి, తన కళ్ళు తుడుచుకోవటానికి బదులు నా కళ్ళు తుడుచుకొమ్మని కాగితం రుమాలు ఇచ్చింది. ఏమనాలో తెలీక, "మీ అమ్మగారికి కోపం రాలేదా?" అని ఓ పిచ్చి ప్రశ్న వేశాను. "ఎవరి మీద?" అంది.

నేను మా అమ్మాయి వంక చూశాను. అది పళ్ళెంలో చివరి అరటికాయ ముక్క వాళ్ళ నాన్నకి వదిలేసి, వేదిక వైపు చూస్తూ కూర్చుంది. రోజూ వీడియోలో చూస్తూనే ఉన్నా, ఈ రెండేళ్ళలో చెంపలు లోపలికి పోయిన సంగతి ఫోనులో నాకెప్పుడూ కనపడలేదు.

అప్పుడే వాయిద్యగాళ్ళు దిగి మా బల్ల చుట్టూ చేరారు. మా అమ్మాయి ముందే చెప్పి ఉంచిందిట. 'గ్వాంతనమేరా' అందుకున్నారు. ఆ పాటలో పాడుకునే మాటలు హోసే మార్తీ అనే క్యూబా కవి 1891లో అచ్చేసిన కవితల్లోవి. కాస్ట్రోని తిట్టేవాళ్ళకీ, పొగిడేవాళ్ళకీ కూడా ఆయనంటే ప్రాణమట. హోటలంతా గొంతు కలిపారు. సర్వరు కొవ్వొత్తి గుచ్చిన గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. మామూలుగా వాళ్ళు 'ఫ్లాన్' అనే జున్నులాంటి తీపి తెస్తారు. అందులో గుడ్డు ఉంటుంది. నా శనివారం గుర్తుపెట్టుకుని మా అమ్మాయి 'అర్రోస్ కోన్ లేచే' చెప్పింది. పాలు, బియ్యం, పంచదార, దాల్చినచెక్క, నిమ్మతొక్క. అచ్చంగా పరమాన్నమే! సముద్రాల అవతల కూడా నా పెళ్ళిరోజు పరమాన్నం నాకు తప్పలేదన్నమాట.

తర్వాత జరిగింది చెప్తే నమ్మరు. ఆ పెద్దావిడ లేచి వచ్చి, నా అనుమతి అడిగి, మా వారి చెయ్యి పట్టుకుని నాట్యానికి లాక్కెళ్ళింది. డెబ్బై ఒక్కేళ్ళ మనిషి, నడుం అలా తిప్పుతోంది! మా వారేమో స్కూల్లో డ్రిల్లు చేసినట్టు బిగుసుకుపోయి, పైకే "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుంటూ అడుగులు వేస్తున్నారు. మా అమ్మాయీ నేనూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళం పడి, పొట్ట పట్టుకుని నవ్వాం. పాతికేళ్ళ కాపురంలో ఆయన నాట్యం చెయ్యటం అదే మొదలు, బహుశా ఆఖరు కూడానూ.

బిల్లు సంగతి ఒక్కమాట. అమెరికాలో సర్వరుకి నూటికి పదిహేను నుంచి ఇరవై దాకా విడిగా ఇవ్వాలి. మయామీలో చాలా హోటళ్ళు దాన్ని ముందే బిల్లులో కలిపేస్తాయి. చూసుకోకపోతే రెండుసార్లు ఇచ్చినట్టే. మా అమ్మాయి నిదానంగా చదివి మరీ కట్టింది. అచ్చం నా పోలికే. మిగిలిన అన్నం డబ్బాలో కట్టించుకుంది.

బయటికి వచ్చాక కాఫీ. అక్కడ హోటళ్ళకి వీధివైపు ఒక కిటికీ ఉంటుంది, 'వెంతనీత' అంటారు. నిలబడే తాగెయ్యాలి. మొదట దిగిన నాలుగు చుక్కల చిక్కటి డికాషన్‌లో పంచదార వేసి, నురుగొచ్చేదాకా గిలకొట్టి, మిగతా కాఫీ దాని మీద పోస్తారు. ఒక పెద్ద కప్పూ, చిట్టి చిట్టి కప్పులూ ఇస్తారు, పంచుకు తాగటానికి. మా వారు కారు దగ్గరికి వెళ్ళారు. మేమిద్దరమే మిగిలాం.

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"చెప్తే నువ్వు రావేమోనని. నువ్వు లేకుండా పట్టా తీసుకోవాలని లేదమ్మా" అంది.

రాకపోదునా? ఆలోచించాను. కోపంతో నిజంగానే రాకపోదునేమో. ఆ మాట దానితో అనలేదు.

"ఇకమీదట ఏ సంగతైనా ముందు నాకు చెప్పాలి. నేను ఏడుస్తాను, అరుస్తాను, నా ఇష్టం. కానీ ముందు నాకే" అన్నాను. సరేనంది. కప్పు అడుగున మిగిలిన నురుగు నాకిచ్చింది.

ఇక వంటలు. నల్ల చిక్కుడు గింజలు మన దగ్గర అన్ని ఊళ్ళల్లో దొరకవు, రాజ్మా వాడుకోవచ్చు. అరగ్లాసు గింజలు రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. రాజ్మా సగం ఉడికింది తింటే కడుపు పాడవుతుంది, జాగ్రత్త. ఉడికిన నీళ్ళు మాత్రం దాచుకోండి, అన్నానికి రంగూ రుచీ అందులోనే ఉన్నాయి. మూడు చెంచాల నూనెలో ఉల్లిపాయ, ఒక క్యాప్సికం, ఆరు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి నిదానంగా మగ్గనివ్వండి. దీన్నే వాళ్ళు 'సోఫ్రీతో' అంటారు, వాళ్ళ వంటలో సగానికి ఇదే పునాది. చెంచా జీలకర్ర పొడి, ఒక బిర్యానీ ఆకు, ఒరెగానో వెయ్యండి. ఒరెగానో లేదా? మన కుండీలో పెంచుకుని బజ్జీలు వేసుకునే వామాకు రెండు తుంచి వెయ్యండి. ఇంగ్లీషులో దాన్ని 'క్యూబన్ ఒరెగానో' అనే అంటారు! ఇన్నాళ్ళూ మా పెరట్లో ఉన్న మొక్కకి ఆ పేరుందని నాకూ తెలీదు. అందులో కడిగిన గ్లాసు బియ్యం, ఉడికిన గింజలు, రెండు గ్లాసుల గింజల నీళ్ళు, ఉప్పు, చెంచా వెనిగర్ పోసి చిన్నమంట మీద మూతపెట్టి వండండి. పొడిపొడిగా రావాలి.

అరటికాయ వేపుడు 'తోస్తోనెస్' ఇంకా సులువు. బొంత అరటికాయ చెక్కు తీసి, అంగుళం మందం ముక్కలు కోసి, మొదట మెత్తబడేదాకా వేయించి తీసెయ్యండి. వేడి మీదే గిన్నె అడుగుతో నొక్కి బిళ్ళలు చేసి, మళ్ళీ నూనెలో ఎర్రగా కరకరలాడేలా వేయించి ఉప్పు చల్లండి. నొక్కేటప్పుడు చల్లారిపోతే విరిగిపోతాయి, నాకు మొదటిసారి అలాగే అయ్యింది.

కర్రపెండలం పైతొక్కా, దాని కింది మందపాటి గులాబీరంగు పొరా రెండూ తీసెయ్యాలి. పచ్చిది పొరపాటున కూడా తినకూడదు, అందులో విషగుణం ఉంటుంది. మూతపెట్టకుండా, నీళ్ళు సమృద్ధిగా పోసి బాగా ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి, మధ్యలో పీచు లాగెయ్యండి. ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో దంచి, జీలకర్ర పొడి కలిపి, దానిమీద కాగిన నూనె పొయ్యండి. చుయ్యిమన్నాక రెండు వంతులు కమలాపండు రసం, ఒక వంతు నిమ్మరసం. పుల్ల నారింజ దొరికితే అదొక్కటే చాలు. ఉల్లిపాయ చక్రాలు పరిచి, వేడి దుంపల మీద పోసి వెంటనే వడ్డించండి.

రాజమండ్రి వాళ్ళకి తిరిగి రాగానే కబురు చేశాం. వాళ్ళు నొచ్చుకున్నారు, కాదనను. మా అమ్మాయి జులైలో ఉద్యోగంలో చేరింది, ఏడాదిలో నా గాజులు విడిపించింది. చంద్రహారం ఇంకా బ్యాంకులోనే ఉంది. మా ఇంట్లో కొన్ని శనివారాలు పప్పుచారు పోయి మూర్లూ క్రైస్తవులూ వచ్చారు. మా వారు అందులో కందిపొడి కలుపుకునే తింటారు.

కిందటేడు ఒకరోజు తెల్లవారుజామున నాలుగున్నరకి ఫోను మోగింది. గుండె గుభేలుమంది. మా అమ్మాయి! పాత కారొకటి సొంతంగా కొనుక్కుందట, ఇంకా తాళాలు చేతికొచ్చి గంట కాలేదట. "నాన్నకి ఇంకా చెప్పలేదు" అంది.

నేనూ ఆయనకి సాయంత్రం దాకా చెప్పలేదు.